ముందు ఊరి పొయ్యి మీద ఉడకాలి

చిరంజీవి మేనకోడలికి మీ అత్త ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. ఊళ్లో చిన్న రైతులను కూడగట్టి, చిరుధాన్యాలు పండించి హైదరాబాదులో అమ్ముతానని రాశావు. సంచి మీద వేసే బొమ్మ కూడా పంపావు. తలపెట్టిన పని చాలా మంచిది, నా చేతనైనంత తోడుంటాను. అయితే నువ్వు పట్నం వైపు నుంచి లెక్క మొదలుపెట్టావు, అది మార్చుకో. ముందు మన ఊరు తినాలి. పండించినవాళ్ల ఇంట్లో వండుకోని పంట ఊళ్లో నిలవదు. ధర పడిన ఏడే రైతు దాన్ని వదిలి పత్తి పెడతాడు. ఇంట్లో తినే పంటకు ధర లేకపోయినా గింజ వృథా కాదు, మరుసటి ఏడు మళ్లీ కొంతైనా చల్లుతాడు.

కనుక ముందు ఇల్లిల్లూ తిరుగు. నెలకు పప్పు ఎంత పడుతుంది, రేషన్ బియ్యం ఎన్ని రోజులు వస్తాయి, ఏ సరుకు అప్పు మీద తెస్తున్నారు, అన్నీ రాసుకో. మగవాళ్లు చెప్పే లెక్క మీద ఆధారపడకు, వంట చేసేవాళ్లను అడుగు. నువ్వే చూస్తావు: కంది మన చేలల్లో పండుతుంది, కందిపప్పు మాత్రం అంగడి నుంచి కొని తెచ్చుకుంటున్నాం. నీ సంఘానికి మొదటి సరుకు కొర్రలు కాకుండా పప్పే కావచ్చు. అందులో చిన్నతనమేమీ లేదు.

చిరుధాన్యాల సంగతి. జొన్న, సజ్జ, రాగి నూర్చి తూర్పారబడితే చాలు, నేరుగా పిండి పట్టించుకోవచ్చు. కొర్ర, సామ, అరిక అలా కావు. వాటి గింజను గట్టి పొట్టు అంటిపెట్టుకుని ఉంటుంది. మా అమ్మ తరం వాటిని తెల్లవారుజామున లేచి రోట్లో దంచి, చెరిగి, మళ్లీ దంచేది. ఆ చాకిరీ తప్పడమే చాలామంది ఆడవాళ్లకు బియ్యం నచ్చడానికి ఒక కారణం. అది మరిచిపోయి ‘పాత తిండి తినండమ్మా’ అని ఎవరికీ చెప్పకు. పొట్టు తీసే చిన్న మర ఊళ్లోనో, నడిచి వెళ్లే దూరంలోనో ఉండాలి. ఒక్కో ధాన్యానికి జల్లెడ మార్చాలి, ఆ పని ఊరి అమ్మాయిలు ఇద్దరికి నేర్పించు. మర వచ్చేదాకా జొన్న, రాగి, సజ్జలతోనే నడుపు. గింజ తెల్లగా మెరిసేదాకా పట్టించవద్దు, తవుడంతా పోతుంది. పొట్టు తీసింది తొందరగా పాడవుతుంది, సజ్జ పిండి కొద్ది రోజులకే చేదెక్కుతుంది. నిల్వ ఎప్పుడూ పొట్టుతోనే ఉండాలి, అవసరమైనంతే మరకు వెళ్లాలి.

ఇంకొకటి, పుస్తకాలు చదివి వచ్చినవాళ్లకు సాధారణంగా తట్టనిది: పిట్టలు. చుట్టూ పత్తి ఉండి నడుమ ఒక్క అరెకరం జొన్నో సజ్జో ఉంటే ఊరి పిట్టలన్నీ అక్కడే వాలతాయి. ఒడిసెల పట్టుకుని మంచె మీద ఎంతసేపు కూర్చున్నా మిగిలేది కొంచెమే. పక్కపక్క చేలవాళ్లు ఒకేసారి విత్తితే నష్టం అందరికీ పంచుకుపోతుంది, కాపలా కూడా వంతులవారీగా సాగుతుంది. అందుకే సభ్యులను ఎంచుకునేటప్పుడు ఉత్సాహం ఒక్కటే చూడకు, చేలు ఆనుకుని ఉన్నాయా అన్నది చూడు.

జహీరాబాద్ వైపు సంఘాల ఆడవాళ్లు చేసి చూపించిన పని నువ్వు దగ్గరనుంచి చూడాలి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేదల కడుపు నిండింది, దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఆ బియ్యం మన ఎర్ర నేలల్లో పండింది కాదు. జొన్న వేసిన చెలకలు చాలా చోట్ల బీడు పడ్డాయి. 1990ల్లో అక్కడి స్వచ్ఛంద సంస్థ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్ల సంఘాలు ఆ బీళ్లకే పెట్టుబడి అప్పుగా ఇచ్చాయి. బాకీని రైతులు జొన్నల రూపంలో ఏటా కొంత చొప్పున తీర్చారు. ఆ జొన్నలు ఊళ్లోనే దాచి, వానాకాలపు కరువు నెలల్లో పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు పేదవాళ్లో ఊరివాళ్లే కూర్చుని తేల్చారు. నేల సాగైంది, పని దొరికింది, గింజ ఊరు దాటలేదు. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు, ఎందుకంటే ఆ పని చేసినవాళ్లలో ఎక్కువమంది కూలికి వెళ్లే దళిత స్త్రీలు.

సంక్రాంతి నుంచి వాళ్ల పాత పంటల జాతర ఊరూరూ తిరుగుతుంది. ఎడ్లబండ్ల వెంట ఒక పూట నడువు. విత్తనం ఎలా అడగాలో అక్కడ నేర్చుకో. విత్తనాన్ని కొనే వస్తువుగా కాక, తీసుకుని పంట వచ్చాక రెట్టింపుగా తిరిగి ఇచ్చేదిగా నడపాలి. కోత తర్వాత రాశిలోంచి విత్తనం తీయకూడదు. పైరు నిలబడి ఉండగానే చేను నడుమ తిరిగి మంచి కంకులకు గుర్తు కట్టుకోవాలి. వేప ఆకు, బూడిద కలిపి బుట్టలో పోసి పేడతో అలికితే పురుగు దరి చేరదు.

కలుపు మందు విషయంలో మాత్రం మెత్తబడకు. చేలో తనంతట తాను మొలిచే గంగవాయిలి, పొన్నగంటి, తుమ్మికూర పేద ఇంటి కూర. మందు కొట్టిన చేలో అవి ఉండవు, ఆ నష్టం ఎవరి ఖాతాలోనూ కనిపించదు.

కాగితాల పని పెద్దది కాదు. సేంద్రియ ముద్ర కోసం లక్షలు ఖర్చు పెట్టనక్కరలేదు. కనీసం అయిదుగురు రైతులు జట్టుగా చేరి ఒకరి చేను ఒకరు పరీక్షించుకునే పీజీఎస్ పద్ధతి ఉంది. సంఘం నమోదుకు 1995 నాటి పరస్పర సహాయ సహకార చట్టం బాగుంటుంది. కంపెనీ పెట్టాలన్న తొందర ఇప్పుడు వద్దు.

మిగులు వచ్చాక పట్నానికి పంపు, తప్పకుండా పంపు. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక అక్కడ అడిగేవాళ్లు పెరిగారు. పంపే ముందు ఇళ్లకు, విత్తనానికి, ఊరి ధాన్యపు కొట్టుకు ఎంత ఉంచాలో ఆడవాళ్లు కూర్చుని తేల్చాలి, ఆ తీర్మానం ఏటా రాతలో ఉండాలి. సంచుల మీద అచ్చు అప్పటిదాకా ఆపు.

చొప్ప గురించి మీ నాన్నతో మాట్లాడు. పొడవు జొన్న వేస్తే పశువులకు మేత దొరుకుతుందని తమ్ముడికి తెలుసు, పాడి ఉన్న ఇళ్లు ముందుగా ఒప్పుకునేది దానికోసమే. ఇంటింటి లెక్క పూర్తయ్యాక ఆ పుస్తకం తీసుకుని రా. మృగశిర కార్తెకు ఇంకా సమయం ఉంది, ఏ చేలో ఏది వేయాలో కలిసి కూర్చుని రాద్దాం.

ప్రేమతో,
మీ అత్త