ప్రోస్టేట్ మాత్ర కంటే దాని పక్కన వేసుకునే జలుబు బిళ్లతోనే నాకు భయం

"మా నాన్నగారికి 68 ఏళ్లు. ప్రోస్టేట్ పెరిగిందని టామ్సులోసిన్, డ్యుటాస్టెరైడ్ కలిపిన మందు రాశారు. ఏళ్ల తరబడి వాడితే కిడ్నీలు పోతాయని చుట్టాలు భయపెడుతున్నారు. కాస్త తగ్గాక మానేయొచ్చా?" అని అడిగారు.

చుట్టాల సంగతి ముందు తేల్చేస్తాను. ఈ మందు కిడ్నీలను తినెయ్యదు. మూత్రసంచి కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి అడ్డుపడి, ఎన్నిసార్లు వెళ్లొచ్చినా యూరిన్ లోపల నిలిచిపోయి, ఆ ఒత్తిడి నెలల తరబడి పైకి తన్నితే అప్పుడు కిడ్నీలు ఉబ్బుతాయి. మందు మానేసి కూర్చున్నవాళ్లకే ఆ ముప్పు ఎక్కువ. "ఎక్కువ కాలం వాడితే కిడ్నీలు పోతాయి" అనే మాటని మనవాళ్లు బీపీ బిళ్లకీ, థైరాయిడ్ బిళ్లకీ, దేనికి పడితే దానికి అంటగడతారు. ఆ మాట అన్న పెద్దమనిషే మోకాళ్ల నొప్పులని రోజూ పెయిన్ కిల్లర్లు మింగుతుంటాడు. నిజానికి కిడ్నీల మీద పడేవి అవి.

నేను డాక్టర్ని కాదు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. మా అన్నయ్య, మా బావగారు, నేను, ముగ్గురం ఈ మందు మీదే ఉన్నాం కాబట్టి చెప్పే హక్కు ఉందనుకుంటాను. దీనితో చిక్కుల్లో పడ్డవాళ్లని చూశాను. దాదాపు అందరూ దీని పక్కన ఇంకేదో వేసుకున్నవాళ్లే.

మా బావగారు రిటైర్డ్ హెడ్మాస్టారు. రాత్రి భోజనం అయ్యాక టామ్సులోసిన్ గొట్టం మాత్ర వేసుకుని హాయిగా ఉండేవారు. మాఘమాసంలో అమలాపురం దగ్గర ఓ పెళ్లికి వెళ్లాం. బస్సులో ఏసీ, దిగాక కొబ్బరితోటల మంచు, సాయంత్రానికి ముక్కు కారడం మొదలైంది. విడిది ఎదుట మెడికల్ షాపులో "జలుబు, ఒళ్లునొప్పులు" అంటే స్ట్రిప్పు కత్తెరతో కత్తిరించి నాలుగు బిళ్లలు చేతిలో పెట్టాడు. ఏ మందులు వాడుతున్నారని అడగలేదు. భోజనాల ముందొకటి, పడుకోబోతూ ఒకటి వేసుకున్నారు.

అర్ధరాత్రి దాటాక మా అక్కయ్య వచ్చి నన్ను లేపింది. బావగారు బాత్రూంలో ఉన్నారు. ఆ చప్పుడుకైనా వస్తుందేమోనని కుళాయి తిప్పి ఉంచారు. బక్కెట్టు నిండి పొర్లిపోతోంది. బయట నుంచి అక్కయ్య "ఏవండీ, వస్తోందా?" అని, లోపల నుంచి "చుక్క రావట్లేదే" అని. కాసేపటికి తలుపు పట్టుకుని బయటికి వచ్చారు. బనియను చెమటకి తడిసి ఒంటికి అతుక్కుపోయింది. పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే గట్టిగా పైకి తేలి తగిలింది. వేడినీళ్ల కాపడం పెట్టాం. మంచినీళ్లు తాగితే వస్తుందని పక్కగదిలో ఎవరో సలహా. ఆ సలహా మాత్రం ఎవరూ వినకండి, నిండిన సంచిలోకి ఇంకా పోసినట్టే.

"బావగారూ, పదండి, ఆసుపత్రికి వెళ్దాం" అంటే, "పెళ్లివారిని ఇప్పుడు లేపకోయ్, ఏం జబ్బని చెబుతాం? తెల్లారాక చూద్దాం" అంటారు. నలభై ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పినాయన, తన ఒంటి సంగతి చెప్పుకోవడానికి సిగ్గు! చివరికి వంటవాళ్ల వ్యాను దొరికింది. ఆసుపత్రిలో కుర్ర డాక్టరు ట్యూబు వేసి సంచి తగిలించాడు. లీటరు గీత దాటాక మా బావగారు కళ్లు తెరిచి మొదట అన్న మాట: "ముహూర్తం ఎన్నింటికి?"

ఏం బిళ్లలు వేసుకున్నారని డాక్టరు అడిగితే జేబులోంచి ఆ ముక్క తీసి ఇచ్చాను. పేరున్న భాగం షాపులోనే ఉండిపోయింది. మన చేతికొచ్చింది ఉత్త రేకు. అయినా అతనికి అర్థమైపోయింది. మన దగ్గర అమ్మే జలుబు బిళ్లల్లో చాలావాటిలో పారాసిటమాల్‌తో పాటు ఫినైలెఫ్రిన్, క్లోర్ఫెనిరమిన్ ఉంటాయట. మొదటిది మూత్రసంచి మూతి దగ్గర కండరాన్ని బిగిస్తుంది, రెండోది సంచి నొక్కే బలాన్ని తగ్గిస్తుంది. టామ్సులోసిన్ చేసేదేమో ఆ మూతిని వదులు చేయడం. ఒకే పూట ఒకే కడుపులో ఒకటి వదులు చేస్తుంటే ఇంకోటి బిగిస్తోంది. ట్యూబు కొన్నాళ్లు ఉంచి తీశారు, అదృష్టం బాగుండి ఆపరేషన్ దాకా పోలేదు. మీ నాన్నగారికి జలుబు చేస్తే జ్వరానికి వట్టి పారాసిటమాల్, ముక్కుకి ఆవిరి చాలు. అంతకు మించి ఏదైనా వేసుకోవాలంటే ప్రోస్టేట్ ఉందని చెప్పి అడగాలి. దురద బిళ్లలు, కొన్ని నిద్ర బిళ్లలు కూడా యూరిన్‌ని ఇలాగే ఆపేయొచ్చు.

షాపులవాళ్ల మీద నాకు ఇంకో కోపం కూడా ఉంది. కంపెనీ మార్చి ఇస్తారు, సరే, మందు అదే అయితే పరవాలేదు. కానీ వట్టి టామ్సులోసిన్ రాస్తే డ్యుటాస్టెరైడ్ కలిసినది, కలిసినది రాస్తే వట్టిది ఇచ్చి "రెండూ ఒకటేనండి" అంటారు. ఒకటి కాదు. స్ట్రిప్పు మీద పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఏ మందు ఎంత ఉందో చదువుకోండి. భూతద్దం కావాల్సొస్తుంది, ఏం చేస్తాం.

టామ్సులోసిన్ 0.4 మి.గ్రా. రోజుకొకటి, రోజూ ఒకే భోజనం అయిన అరగంటకి వేసుకోవాలి. కొరకకూడదు, విప్పి తేనెలో కలపకూడదు. ఖాళీ కడుపున వేసుకుంటే రక్తంలోకి ఎక్కువ మందు తొందరగా చేరి బీపీ పడుతుంది. మా అన్నయ్య కార్తీక సోమవారాలు పగలంతా ఉపవాసం ఉంటాడు. మాత్ర మాత్రం పొద్దున ఎనిమిదింటికి పడాల్సిందే, టైము తప్పకూడదట! అలా వేసుకుని గోదావరి రేవు మెట్ల మీద తూలి, ఒకావిడ దీపాల పళ్లెం మీద పడబోయాడు. చుక్కలు చూసి భోంచేశాక వేసుకుంటే పోయేది. మొదటి రోజుల్లో, నాలుగైదు రోజులు మానేసి మళ్లీ మొదలెట్టినప్పుడు ఈ తూలు ఎక్కువ. బీపీ బిళ్లలు కూడా ఉంటే మరీ. రాత్రి లేచేటప్పుడు మంచం అంచున కాసేపు కూర్చుని, లైటు వేసుకుని నిలబడమనండి. ఈ వయసులో తుంటి ఎముక విరిగిందంటే ప్రోస్టేట్ చిన్న జబ్బైపోతుంది.

మగాళ్లు నోరు విప్పని సంగతి ఇంకోటుంది. టామ్సులోసిన్‌తో వీర్యం బయటికి రాకపోవచ్చు, లేదా బాగా తగ్గిపోవచ్చు. దాని బదులు రాసే, అదే జాతి సైలోడోసిన్‌తో ఇది ఇంకా ఎక్కువ. మందు ఆపితే మామూలవుతుంది, ఒంటికి హాని లేదు. అది తెలియక హడలిపోయి, ఎవరికీ చెప్పకుండా మందు మానేసినవాళ్లు మా వాకింగ్ బృందంలోనే ఉన్నారు. డ్యుటాస్టెరైడ్, దాని జాతిదే అయిన ఫినాస్టెరైడ్‌లతో కోరిక తగ్గడం, పటుత్వం తగ్గడం, రొమ్ము దగ్గర నొప్పో వాపో రావడం కొందరిలో ఉంటుంది. రొమ్ములో గడ్డలా తగిలితే వెంటనే చూపించాలి. పటుత్వం కోసం షాపులో గుట్టుగా సిల్డెనాఫిల్ కొనుక్కుంటారు చూడండి, టామ్సులోసిన్‌తో కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. నాలుక కింద గుండె మాత్ర పెట్టుకునేవాళ్లు సిల్డెనాఫిల్ జోలికే పోకూడదు.

మానేయొచ్చా అన్నారు కదా. టామ్సులోసిన్ రోజుల్లోనే పనిచేస్తుంది, మానేస్తే రోజుల్లోనే పాత కథ మొదలవుతుంది. డ్యుటాస్టెరైడ్ గ్రంథిని మెల్లగా కుదిస్తుంది. మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది కాబట్టి నెలకే "పనిచెయ్యట్లేదు" అని పారేయొద్దు. ఆపితే మళ్లీ పెరుగుతుంది. ఒకవేళ కొంతకాలం తర్వాత రెండిట్లో ఒకటి తగ్గించాలన్నా, అది యూరాలజిస్టు చేతిలో పని. పల్లేరు కాయల కషాయం వాట్సాప్‌లో ఎవరు పంపినా దండం పెట్టి వదిలేయండి. అమెరికాలో సా పామెట్టో అనే మూలిక మాత్రలు తెగ అమ్ముతారు. 2006లో వచ్చిన ఒక పెద్ద పరీక్షలో అది మందు లేని ఉత్త బిళ్ల కంటే ఏమీ మెరుగు కాదని తేలింది.

డ్యుటాస్టెరైడ్ వాడుతుంటే, ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానం చూసే పీఎస్‌ఏ రక్తపరీక్ష అంకె ఆరు నెలలకి దాదాపు సగానికి పడిపోతుంది. రిపోర్టులో 3 అని వస్తే దాన్ని 6గా లెక్కేసుకోవాలి. కొత్త డాక్టరుకి ఈ మందు సంగతి చెప్పకపోతే "బ్రహ్మాండంగా ఉంది" అని పంపించేస్తాడు. మందు మీద ఉండగా ఆ అంకె పెరుగుతోందంటే చిన్నదైనా చూపించాల్సిందే. ఇంట్లో కోడలో కూతురో కడుపుతో ఉంటే చిట్లిన, కారుతున్న డ్యుటాస్టెరైడ్ క్యాప్సూల్ ముట్టుకోనివ్వకండి. మందు చర్మం నుంచి లోపలికి వెళ్తుంది, కడుపులో మగబిడ్డ ఉంటే ఆ బిడ్డకి మంచిది కాదు.

ఇంతకీ మీ నాన్నగారికి శుక్లాల ఆపరేషన్ అయిపోయిందా? 68 అన్నారు కాబట్టి అడుగుతున్నాను. టామ్సులోసిన్ వాడేవాళ్లకి ఆపరేషన్ మధ్యలో కంటిపాప కుంచించుకుపోయి, చుట్టూ ఉన్న పొర వదులై అలల్లా ఊగుతుంది. 2005లో అమెరికా కంటి డాక్టర్లు పసిగట్టి దీనికి పేరు కూడా పెట్టారు. ముందే తెలిస్తే సర్జను తగిన ఏర్పాట్లతో కూర్చుంటాడు, తెలియకపోతే బల్ల మీద కంగారు. నాలుగు రోజుల ముందు మందు ఆపేస్తే సరిపోతుందనుకోకండి, ఎప్పుడో వాడి మానేసినవాళ్లలో కూడా ఇది కనిపించింది. బీపీ, షుగరు అడిగి రాసుకుంటారు గానీ ప్రోస్టేట్ మాత్ర గురించి మా అన్నయ్యని ఎవరూ అడగలేదు, నేనే చెప్పాను. మీ వాళ్లకి తేదీ ఇచ్చేసి ఉంటే ఈ పూటే ఫోన్ చేసి చెప్పండి.