సూపర్‌హీరో గేమ్ మళ్లీ మళ్లీ ఆడాలనిపించాలంటే అందులో ఏముండాలి?

కొన్ని సూపర్‌హీరో గేమ్‌లు వారాల తరబడి వదలబుద్ధి కావు, కొన్ని రెండు గంటలకే విసుగు పుట్టిస్తాయి, తేడా ఎక్కడుందని అడిగారు. హీరో శక్తిని గేమ్ మన వేళ్లకి అప్పగించిందా, కట్‌సీన్లలో (మనం ఆడకుండా చూసే సినిమా ముక్కల్లో) చూపించి సరిపెట్టిందా అన్నదే నేను ముందు చూస్తాను. గ్రాఫిక్స్, కథ, సూట్ల సంఖ్య అన్నీ దాని తర్వాతే.

మొదట కదలిక సంగతి. ఊరంతా ఇష్టమొచ్చినట్టు తిరగనిచ్చే ఓపెన్ వరల్డ్ గేమ్‌లో ఆడే సమయంలో చాలా భాగం ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లడానికే పోతుంది. నెవర్‌సాఫ్ట్ 2000లో చేసిన స్పైడర్‌మ్యాన్‌లో సాలెదారం ఆకాశంలో ఎక్కడో తగులుకునేది, పైన భవనం ఉందా లేదా అన్న పట్టింపు లేదు. 2004లో ట్రేయార్క్ చేసిన స్పైడర్‌మ్యాన్ 2 దాన్ని మార్చింది. దారం నిజంగా ఏదో ఒక భవనానికి అంటుకోవాలి, కాబట్టి చుట్టూ ఏముందో మనం చూసుకోవాలి. ఇన్సామ్నియాక్ 2018లో చేసిన స్పైడర్‌మ్యాన్ ఆ పద్ధతికే నునుపు తెచ్చింది.

అందులో ఆర్2 (ప్లేస్టేషన్ కంట్రోలర్‌లో కుడిచేతి వెనక బటన్, ఎల్2 ఎడమది) పట్టుకుంటే ఊగుతాడు, ఎప్పుడు వదలాలన్నదే అసలు నేర్పు. ఉయ్యాల మీద నుంచి దూకడంలో ఉండే లెక్కే ఇక్కడా: కింది నుంచి ముందుకు లేచేటప్పుడు వదిలితే వేగం వస్తుంది, పైదాకా వెళ్లాక వదిలితే ఎత్తు వస్తుంది. గాల్లో ఎల్3తో (ఎడమ స్టిక్‌ని లోపలికి నొక్కి) డైవ్ చేసి, రోడ్డు దగ్గరపడుతుండగా మళ్లీ ఆర్2 పట్టుకుంటే ఆ వేగమంతా తర్వాతి ఊపులోకి చేరుతుంది. ఎల్2, ఆర్2 కలిపి నొక్కి ఒక అంచు మీదికి దూసుకెళ్లి, కాలు ఆనే క్షణంలో ఎక్స్ నొక్కితే ఆగకుండా ముందుకు ఎగురుతాడు. కొత్తగా ఆడేవాళ్లు ఆర్2ని మరీ ఎక్కువసేపు పట్టుకుంటారు. కింద పడిపోరు గానీ వేగం చచ్చిపోతుంది, ‘స్వింగింగ్ నెమ్మదిగా ఉంది’ అని గేమ్‌ని తప్పుపడతారు. సెంట్రల్ పార్కులో ఎత్తైన భవనాలు లేవు, చెట్లే దిక్కు, అందుకే అక్కడ ఎత్తు దొరకదు. ఆ ఇబ్బందిని ఉంచడం చాలా మంచి నిర్ణయం. ఊరి ఆకారం కళ్లకే కాదు, చేతికీ తెలుస్తుంది. 2023లో వచ్చిన రెండో భాగంలో స్వింగ్ సహాయాన్ని 10 నుంచి 0 దాకా తగ్గించుకునే సెట్టింగ్ ఉంది, పడితే దెబ్బ తగిలే ఆప్షన్ కూడా ఉంది. బటన్లు అలవాటయ్యాక సహాయాన్ని సగానికి దించి చూడండి.

ఇక పోట్లాట. 2009లో రాక్‌స్టెడీ చేసిన బ్యాట్‌మ్యాన్: ఆర్కమ్ అసైలమ్‌ని ఇప్పటికీ పాఠంలా ఆడవచ్చు. పైకి చూస్తే స్క్వేర్‌తో కొట్టడం, ట్రయాంగిల్‌తో కౌంటర్ (ఎదుటివాడి దెబ్బని ఆపి తిరిగి కొట్టడం), అంతే. కానీ అక్కడ బటన్లని ఎడాపెడా గుద్దడం పనికిరాదు. ఒక దెబ్బకి ఒక్క నొక్కు చాలు, అది కూడా ముందు దెబ్బ తగిలిన క్షణంలో పడాలి. క్రిటికల్ స్ట్రైక్ అప్‌గ్రేడ్ ఉంటే అలా సరిగ్గా పడిన దెబ్బకి కాంబో (తెగకుండా వరసగా తగిలిన దెబ్బల లెక్క) రెండు చొప్పున పెరుగుతుంది. కంగారుగా నొక్కేస్తే చెయ్యి గాలిలో పోయి కాంబో తెగుతుంది. కాంబో 8కి చేరితే స్పెషల్ దెబ్బ దొరుకుతుంది, అప్‌గ్రేడ్ కొంటే 5కే. శత్రువుల్లో రకాలు పెరిగేకొద్దీ ఆలోచన మారుతూ ఉంటుంది. కరెంటు కర్ర పట్టుకున్నవాణ్ని ఎదురుగా కొట్టకూడదు, మీదుగా దూకి వెనక నుంచి కొట్టాలి. తర్వాతి గేమ్ ఆర్కమ్ సిటీలో డాలు పట్టినవాడి మీదికి పైనుంచి రావాలి, కవచం తొడిగినవాణ్ని ముందు కేప్‌తో తికమకపెట్టి ఆపైన వరసగా గుద్దాలి. ఒకే గదిలో ఈ రకాలన్నీ కలిస్తే ఎవరిని ముందు పడగొట్టాలో తేల్చుకోవడంలోనే సరదా ఉంటుంది.

బలహీనత ఎక్కడ పెట్టారన్నది చాలామంది గమనించని విషయం. బ్యాట్‌మ్యాన్ పదిమందిని ఉత్తచేతులతో కొట్టగలడు, తుపాకులవాళ్ల ముందు నిలబడితే మాత్రం క్షణాల్లో పోతాడు. అందుకే ఎత్తున ఉండే గార్గాయిల్ (వికృత రూపాల రాతి) విగ్రహాల మీద నక్కి ఒక్కొక్కణ్ని తగ్గించాలి. అది అలవాటైందనుకునేసరికి జోకర్ ఆ విగ్రహాలకే బాంబులు పెట్టిస్తాడు. సూపర్‌మ్యాన్‌తో ఈ పని కష్టం, అతనికి దెబ్బ తగిలితే నమ్మబుద్ధి కాదు. 2006 నాటి సూపర్‌మ్యాన్ రిటర్న్స్ ప్రాణం ఎంత మిగిలిందో చూపే హెల్త్ బార్‌ని హీరోకి కాకుండా మెట్రోపాలిస్ నగరానికి పెట్టింది. గేమ్‌గా అది నిలబడలేదు గానీ ఆ ఆలోచన చక్కనిది, ఎవరైనా మళ్లీ ఎత్తుకోవాలని నాకు గట్టిగా ఉంది.

చెడగొట్టేవి ఏమిటంటే, హీరోలందరినీ ఒకే మూసలో పోయడం మొదటిది. సూసైడ్ స్క్వాడ్: కిల్ ది జస్టిస్ లీగ్ (2024)లో నలుగురు పాత్రలూ తుపాకీనే నమ్ముకుంటారు, కింగ్ షార్క్ అంతటివాడు కూడా. మార్వెల్స్ అవెంజర్స్ (2020)లో దెబ్బలు బాగానే ఉంటాయి, కానీ ప్రతి మిషన్ తర్వాత అంకెలు మాత్రమే మారే గేర్‌ని (హీరో తొడుక్కునే సామగ్రిని) సర్దుకుంటూ కూర్చోవాలి. 2023 సెప్టెంబర్ 30న దాని అమ్మకాలు ఆగిపోయాయి. శక్తిని లాగేసుకునే మిషన్లు కూడా ఊపు తీస్తాయి. 2018 స్పైడర్‌మ్యాన్‌లో మేరీ జేన్ నక్కుతూ నడిచే భాగాలు అలాంటివే.

గేమ్ మంచిదైనా టీవీ సెట్టింగ్ సరిగా లేకపోతే కౌంటర్లు పడవు. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి, లేకపోతే బొమ్మని మెరుగుపరిచే ప్రాసెసింగ్ వల్ల బటన్ నొక్కడానికీ తెర మీద కదలికకీ మధ్య ఆలస్యం వస్తుంది. సెకనుకి 60 ఫ్రేములు (బొమ్మలు) ఇచ్చే పెర్ఫార్మెన్స్ మోడ్ ఉంటే అదే ఎంచుకోండి, ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లు పడుతుంది, 30లో అయితే 33.3. తల తిరుగుతున్నట్టుంటే మోషన్ బ్లర్ (కదిలేటప్పుడు బొమ్మని మసకబార్చే సెట్టింగ్) ఆపేయండి. పీసీలో అయినా కంట్రోలరే నయం, కీబోర్డుతో కొంచెం వంగడం, పూర్తిగా తిరగడం అన్న తేడా రాదు.

మొదటిసారి నార్మల్‌లో ముగించండి. ఆర్కమ్ సిటీ నచ్చితే న్యూ గేమ్ ప్లస్ (ముగించిన గేమ్‌ని సంపాదించిన అప్‌గ్రేడ్లతో మళ్లీ మొదలుపెట్టే మోడ్) ఆడండి. అందులో శత్రువు తల మీద వచ్చే కౌంటర్ గుర్తు ఉండదు, వాడి భుజం కదలిక చూసే ట్రయాంగిల్ నొక్కాలి.