బత్తాయి కొమ్మల కత్తిరింపు: గుత్తకా, దినకూలికా?

నల్లగొండ దిక్కు అయిదెకరాల బత్తాయి ఉంది, గుత్తకిస్తే జల్దీ అయితది గని చెట్లు ఖరాబైతున్నయి, దినకూలికి పెడితే పని తెగుతలేదు, ఏం చెయ్యాలె అని అడిగిన్రు.

అన్నా, ముందుగల్ల తోటల నుంచి గొడ్డలి బయట పెట్టున్రి. గుత్తనా కూలినా అన్నది తర్వాతి ముచ్చట. మణికట్టు లావు కొమ్మకు పైనుంచి ఒక్కటే కోత పెడితే, సగం తెగంగనే అది బరువుకు వంగుతది. కింది బెరడు జానెడు పొడుగున మొద్దు మీదికెళ్లి ఊడొస్తది. అర నిమిషం మిగిలింది, గాయం మాత్రం ఏండ్లకు గని మానదు.

అసొంటి కొమ్మకు రంపంతోని మూడు కోతలు పెట్టాలె. మొద్దుకు అడుగు దూరంల కిందికెళ్లి మూడో వంతు కోసి, దానికి రెండంగుళాల అవతల పైనుంచి కొయ్యాలె. కొమ్మ బెరడు లాగకుండ పడిపోతది. మిగిలిన మోడును, కొమ్మ మొదట్ల ఉబ్బెత్తుగ ఉండే మెడను తాకకుండ దాని అవతలికెళ్లి తియ్యాలె. మెడ కోస్తే గాయం సక్కగ మూసుకోదు. బెత్తెడు మోడు వదిలితే అది ఎండి లోపలికి పుచ్చుతది.

బొటనవేలు కంటె సన్నపు పుల్లలకు సికేచర్, అంటే కొమ్మలు కోసే చేతి కత్తెర, చాలు. దాని పల్చటి బ్లేడు చెట్టు దిక్కు, కొక్కెం పడిపోయే పుల్ల దిక్కు ఉండాలె. చేతికి వాటమని తిప్పి పడుతరు, ప్రతి పుల్లకు సెంటీమీటరు మోడు మిగులుతది. ఎండుపుల్ల తీసేటప్పుడు అంగుళం పచ్చి భాగం కలిపి తియ్యాలె, లేకుంటే ఎండు కిందికి దిగుతనే ఉంటది.

ఇగ పని యాడ ఆగుతదంటే, కోసే కాడ కాదు, ఏది కొయ్యాలె అని చెట్టు కింద నిలబడి చూసే కాడ. 6 మీటర్లకొక చెట్టంటె ఎకరానికి 110 చెట్లు, మీకు 550. లావు కొమ్మలకు ముందు రోజే మీరే తిరిగి సున్నం బొట్టు పెట్టున్రి. బొట్టు ఉన్నవి రంపం చేతనైన ఇద్దరికి దినకూలి మీద, ఎండుపుల్లలు, నిట్టనిలువు నీటికొమ్మలు గుత్త మీద ఇయ్యున్రి. అంటు కింద వేరుమొక్క (జంబేరి, రంగపూర్ నిమ్మ) నుంచి వచ్చే మొలకలు లేతగున్నప్పుడే చేత్తోని గిల్లితే కత్తెర పనే లేదు. గుత్త పైసల్ల సగం, మోడులు చూసినంకనే. నా లెక్కల ఈ ఒక్క షరతుతోనే పని సగం బాగైతది.

కొల్లాపూర్ మామిడి తోటల్ల కోత అయినంక నడుమ ఖాళీ చేస్తరని చూసొచ్చి, బత్తాయిల గూడ నడుమ ఖాళీ చేసి గొడుగు తిరగేసినట్టు చేస్తున్నరు. మామిడి ఓర్సుకుంటది. మన ఎండకు బత్తాయి బెరడు మాడి పగులుతది. ఒకవేళ మొద్దు బయటపడితే సున్నం పూయున్రి. కాయ తెంపినంక, నీళ్లు ఆపి బెట్టకు వదిలే ముందు ఎండుపుల్ల, నీటికొమ్మలు తీస్తే సాలు. వాన తడిల కత్తెర ముట్టద్దు, గజ్జి తెగులు ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పోతది. మనిషికి రెండు కత్తెరలు ఇయ్యున్రి, ఒకటి స్పిరిట్ల, ఒకటి చేతిల.

కోసిన గాయాలకు బోర్డో పేస్టు పూసుకుంట వెనకనే ఒకరు బ్రష్షు పట్టుకొని నడువాలె. కిలో మైలుతుత్తం అయిదు లీటర్ల నీళ్లల్ల, కిలో సున్నం ఇంకో అయిదు లీటర్లల్ల, రెండూ వేరే వేరే ప్లాస్టిక్ బకెట్లల్ల కలిపి, మూడో బకెట్ల ఒక్కసారే పోయాలె. ఇనుప బకెట్ వద్దు. ఇనుప కొడవలి ముంచి తీస్తే ఎర్రటి పూత కనబడితే ఇంకింత సున్నం కలుపున్రి. కలిపిన పేస్టు ఆ దినమే అయిపోవాలె, మరుసటి దినం మిగిలింది పారబోయున్రి.