పనికోసం వచ్చినవి కావు

చిరంజీవి సౌమ్యకు,

ఆశీస్సులు. పునరావృత డీఎన్ఏ మీద, అంటే ఒకే వరుస మళ్లీమళ్లీ కనిపించే డీఎన్ఏ మీద, నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేరాలో దాన్ని ‘చెత్త’ అన్నావు, చివరికి వచ్చేసరికి ‘జన్యువులను నడపడం కోసం పుట్టింది’ అన్నావు. రెండో మాటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

మన జన్యుపదార్థంలో దాదాపు 45 శాతం ట్రాన్స్‌పోజాన్లు, వాటి శిథిలాలేనని 2001లో వెలువడిన మానవ జన్యుపటం ముసాయిదా చూపింది. తమ నకళ్లను పెంచుకుంటూ కొత్త చోట్లకు చేరడమే వాటి నైజం. చాలా నకళ్లు ఏ పనీ చేయకుండా పాడుబడి ఉన్నాయి. ఏ కొన్నిటికో చేరిన చోటు కలిసొచ్చి, పక్కనున్న జన్యువుకు స్విచ్‌లుగా మిగిలాయి. అంటే అవి పనికోసం వచ్చినవి కావు, వచ్చాక పనికొచ్చినవి. తెలుగులో ఈ తేడా ఒక్క ‘కోసం’లో ఉంది, ఆ మాట తప్పుగా పడితే పరిణామమే తలకిందులవుతుంది.

ప్రొలాక్టిన్ సంగతి చూడు. పాలు పడటానికి తోడ్పడే ఈ హార్మోను పిట్యూటరీ గ్రంథిలో తయారవుతుందని అందరం చదువుకున్నాం. గర్భధారణ వేళ గర్భాశయపు లోపలి పొర కూడా దాన్ని తయారుచేస్తుంది, కానీ అక్కడ జన్యువును చదవడం మామూలు చోట కాక, ఇంకా ముందున్న మెర్-39 అనే పాత ట్రాన్స్‌పోజాన్‌లో మొదలవుతుంది. ఇది మనుషుల్లో. ఎలుకలో ఆ పాత్ర మెర్-77ది, ఏనుగులో మరో రకం ట్రాన్స్‌పోజాన్‌ది. వాటిలో ఏదీ మరొకదాని నుంచి వచ్చింది కాదు. ఏ వంశానికి ఆ వంశంలో విడిగా చేరినవే ఒకే జన్యువుకు అక్కరకొచ్చాయి. నీ వ్యాసానికి గుండెకాయ ఇదే.

ఇలాంటి చేరికకు మూల్యమూ ఉంటుంది, దాన్ని వదిలేయకు. ఒంటి రంగును నిర్ణయించే అగౌటి జన్యువుకు ముందు ఐఏపీ అనే ట్రాన్స్‌పోజాన్ చేరిన ఎలుకల్లో, ఒకే ఈతలో పుట్టి ఒకే జన్యువులు పంచుకున్న పిల్లల్లోనూ ఒకటి పసుపుపచ్చగా, ఒకటి గోధుమరంగులో, మరొకటి మచ్చలతో కనిపిస్తుంది. కణం ఆ ట్రాన్స్‌పోజాన్‌కు మిథైల్ అనే రసాయన గుర్తులు తగిలించి అణిచిన పిల్ల గోధుమరంగులో ఉంటుంది. అణచని పిల్ల పసుపుపచ్చగా పుట్టి, పెరిగేకొద్దీ ఊబకాయం తెచ్చుకుంటుంది.

ఈసారి ఆ ఎలుకపిల్లల రంగుతో మొదలుపెట్టి, ప్రొలాక్టిన్ దగ్గర నిదానంగా ఆగి రాయి. ప్రతి అందిన రోజే చదువుతాను.

నీ మేలు కోరే
పెద్దవాడు