కారు టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ మధ్యలోనే ఎందుకు ఉంటుంది?

హైవే మీదైనా ట్రాఫిక్‌లోనైనా ముల్లు కదలట్లేదంటే మీటర్ పాడైనట్టు కాదు. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ‘సి’ దగ్గరుండి, కొన్ని నిమిషాల్లో మధ్యకు చేరి అక్కడే ఆగుతుంది. థర్మోస్టాట్ అనే వాల్వ్ సాధారణంగా 82–90 డిగ్రీల దగ్గర తెరుచుకుని, ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవాన్ని (కూలెంట్‌ను) రేడియేటర్‌కు వదులుతుంది.

అసలు సంగతేంటంటే, ఇంజిన్ లోపల వేడి అంత నిలకడగా ఏమీ ఉండదు. ఏసీ వేసుకుని తిరుమల ఘాట్ ఎక్కుతుంటే పెరుగుతుంది, రేడియేటర్ ఫ్యాన్ తిరగగానే తగ్గుతుంది. అయితే చాలా కొత్త కార్లలో సుమారు 80 నుంచి 105 డిగ్రీల వరకు ముల్లు మధ్యలోనే చూపించేలా కంపెనీలే సెట్ చేస్తాయి. కొంచెం కదిలితే చాలు, జనం టెన్షన్‌తో షోరూమ్‌కు పరుగెత్తుతారు మరి! నిజమైన అంకె కావాలంటే ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని రీడింగులు చూపించే పరికరం) పెట్టి చూడండి.

అందుకే ముల్లు మధ్య దాటి ‘హెచ్’ వైపు కదిలిందంటే తేలిగ్గా తీసుకోవద్దు. ఏసీ ఆపి, బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోవద్దు, మరిగే నీళ్లు మీదికి చిమ్ముతాయి. కూలెంట్ బాగా కారిపోతే సెన్సర్ తప్పుగా తక్కువ చూపించే ప్రమాదమూ ఉంది. ఎంత దూరం వెళ్లినా ముల్లు కిందే ఉంటే మాత్రం ముందు థర్మోస్టాట్‌ను అనుమానించండి.