దావాకు ముందు సాక్షిని అడిగారా?

ప్రశ్న: ఒక మిత్రుడితో కలిసి ఎనిమిదేళ్లు భాగస్వామ్య వ్యాపారం నడిపాను. విడిపోయి ఏడాది దాటినా నా వాటా ఇవ్వకపోగా, నేనే లెక్కలు తారుమారు చేశానని నలుగురిలో అంటున్నాడు. కేసు బలంగానే ఉందని న్యాయవాది చెబుతున్నారు. లెక్కలన్నీ రాసిన నా భార్య మాత్రం కోర్టు వద్దంటోంది. డబ్బు కంటే అతనన్న మాటే నన్ను నిద్రపోనివ్వడం లేదు. దావా వేయమంటారా?

జవాబు: మీరు మాటవరసకు రాసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. లెక్కలు రాసింది మీ భార్య అయితే, ఈ కేసులో మీ ప్రధాన సాక్షి ఆవిడే. ఫలానా నెలలో ఒక పద్దు ఎందుకు కొట్టివేసి ఉందో, దాని పక్కన వేసిన అంకె ఎవరి చేతిరాతో, ఆ సొమ్ము చివరికి ఎవరికి చేరిందో అవతలి న్యాయవాది ఆవిడను బోనులో నిలబెట్టి అడుగుతారు. గుర్తు లేదంటే అనుమానం, గుర్తుందంటే మరో పది ప్రశ్నలు. అలా అడగడం ఆయన వృత్తి, తప్పుపట్టలేం. ఆవిడది భయమని మీరు అనుకుంటున్నట్లుంది కానీ, ఈ వ్యాజ్యం భారం ఎవరి మీద పడుతుందో మీకంటే ముందే ఆవిడ లెక్క కట్టుకున్నారేమో.

ఫీజుల సంగతి మీ న్యాయవాదే చెబుతారు. అయితే గెలిస్తే ఖర్చులు తిరిగివస్తాయా అని విడిగా అడగండి. ఇంగ్లండులో సాధారణంగా ఓడినవారే గెలిచినవారి ఖర్చులు భరించాలి, అమెరికాలో ఎక్కువగా ఎవరివి వారే పెట్టుకోవాలి. ఓడినవారు చెల్లించే చోట కూడా పెట్టినదంతా చేతికి రావడం అరుదు. పైగా డిక్రీ వచ్చినంత మాత్రాన డబ్బు వచ్చినట్లు కాదు. అవతలివారు కట్టకపోతే అమలు కోసం మళ్లీ కోర్టుకే వెళ్లాలి.

ఏ రసీదులోనూ కనిపించని ఖర్చు మరొకటి ఉంది. వాయిదా ముందురోజు రాత్రి పాత కాగితాలన్నీ మళ్లీ తిరగేస్తారు, పొద్దుటి నుంచి వరండాలో కాచుకుంటారు, పిలుపు వచ్చాక నిమిషంలో మరో తేదీ పడుతుంది. మానుతున్న గాయం ఆ రోజు మళ్లీ రేగుతుంది. వ్యాధి, మరణం తప్పిస్తే వ్యాజ్యం కంటే తాను భయపడేది దాదాపు ఏదీ లేదని అమెరికా న్యాయమూర్తి లెర్నెడ్ హ్యాండ్ 1921లో ఒక ఉపన్యాసంలో అన్నారు. న్యాయపీఠం మీద కూర్చున్న మనిషే ఆ మాట అన్నారు మరి.

మీకు నిద్ర పట్టనివ్వనిది నిందే అయితే, వాటా కోసం వేసే దావా వాటా సంగతే తేలుస్తుంది. ఆ క్రమంలో మీ లెక్కలు సరైనవేనని తేలవచ్చు, కానీ క్షమాపణ రాదు, నలుగురిలో అన్న మాట వెనక్కి పోదు. సొమ్ము లేనిదే మీకు గడవదంటే అది వేరే సంగతి, అప్పుడు నేనూ వేయమనే అంటాను.

అందుకని మొదట ఇద్దరికీ నమ్మకమున్న లెక్కల నిపుణుడి ముందు పుస్తకాలు పెట్టి, ఆయన తేల్చిన మొత్తానికి కట్టుబడదామని రాతపూర్వకంగా అడగండి. నిందకు కూడా అక్కడే జవాబు దొరకవచ్చు. అతను నిరాకరిస్తే ఆ కాగితం మీ దగ్గర ఉంటుంది. కాకపోతే రాజీ మాటలు నడుస్తున్నంత మాత్రాన దావాకున్న కాలపరిమితి ఆగదు. ఆఖరి తేదీ ఏదో న్యాయవాదిని అడిగి ఈ వారమే రాసిపెట్టుకోండి. సాక్ష్యం చెప్పగలరా అని మీ భార్యను అడగడం కూడా ఆ తేదీకి చాలా ముందే జరగాలి. ఆవిడ వద్దంటే, ఆవిడ సాక్ష్యం లేకుండా కేసు నిలుస్తుందా అన్నదే మీ న్యాయవాదిని అడగవలసిన తరువాతి ప్రశ్న.