1556 షాన్‌షీ భూకంపంలో అంతమంది ఎందుకు చనిపోయారు?

ప్రధాన కారణం ఇళ్లే: 1556 జనవరి 23న చైనాలోని వే నది లోయ కంపించినప్పుడు, అక్కడ ఎంతోమంది మట్టికొండల్లో తొలిచిన గుహల్లో కాపురముంటున్నారు. లోయెస్ అనే ఆ మట్టి గాలి మోసుకొచ్చి పోసిన సన్నని ధూళి. పొడిగా ఉన్నంతకాలం గోడలా నిట్టనిలువుగా నిలబడుతుంది, పారతో సులువుగా తవ్వొచ్చు. కానీ రేణువుల మధ్య పట్టు తక్కువ. గట్టిగా ఊగితే కొండచరియే జారి గుహ నోరు మూసేస్తుంది. పైగా జనం ఇంట్లో ఉండే రాత్రివేళ. అప్పట్లో చైనాను ఏలిన మింగ్ రాజవంశపు రికార్డుల్లో పేర్లు తెలిసిన మృతులే సుమారు 8.3 లక్షలు!

మృతులు ఎక్కువ కాబట్టి ఇదే అత్యంత తీవ్రమైన భూకంపం అనుకోవడం పొరపాటు. దీని తీవ్రత దాదాపు 8 అని అంచనా. 1960లో చిలీలో 9.5 వచ్చినా మృతులు కొన్ని వేలే.